సగం దారి డ్రైవర్లు

మొన్న ఒక కాలేజీ వాళ్లు పిలిస్తే వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను. సరుకు రవాణాలో డీజిలు పొగ ఎలా తగ్గించాలో ఒక అమ్మాయి తెర మీద బొమ్మలు చూపించి చక్కగా చెప్పింది. ఆమె తరవాత ఒక అబ్బాయి లేచి డ్రైవర్ల కష్టాల గురించి చెప్పాడు. అతనూ బాగానే చెప్పాడు. ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే లారీ గురించి అన్న సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరికీ తోచినట్టు లేదు. వాళ్లను తప్పు పట్టను. లారీలు పంపే ఉద్యోగంలో ఉండగా నాకూ చాలా ఆలస్యంగానే తోచింది. అది ఎలా తోచిందో చెబుదామనే ఇది రాస్తున్నాను.

శంషాబాద్‌కు ఎయిర్‌పోర్టు వచ్చిన కొత్తల్లో మా కంపెనీ తొండుపల్లి దగ్గర పెద్ద గోడౌన్ కట్టింది. విమానాల్లో దిగిన సరుకును లారీలకెక్కించి బెంగళూరు పంపడం, అక్కడి సరుకును తెచ్చి విమానాలకు అందించడం మా పని. ఏ లారీ ఎప్పుడు బయల్దేరాలి, అందులో ఏం ఎక్కించాలి, ఎవరు నడపాలి అన్నది నేను చూసేదాన్ని. ఆ పనిలో అప్పటికి ఆడవాళ్లు చాలా అరుదు. పైగా మాది బందరు వైపు. "మీరు రండి, మీరు బయల్దేరండి" అని నేను అంటుంటే, మొదటి రోజుల్లో డ్రైవర్లు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునేవాళ్లు, ఇంకెవరో పెద్దమనిషి వచ్చాడేమోనని.

అప్పటి పద్ధతి ఏమిటంటే, ఒక డ్రైవరు, ఒక క్లీనరు లారీ తీసుకుని బెంగళూరు దాకా వెళ్లేవారు. తిరుగు లోడు దొరికేదాకా అక్కడే లారీ పక్కన వండుకుని, లారీ కింద పడుకునేవారు. ఎప్పటికీ దొరక్కపోతే విసుగెత్తి ఖాళీ లారీతో వచ్చేసేవారు. అంత దూరం డీజిలు కాల్చుకుంటూ గాలిని మోసుకొచ్చినట్టే. ఇంటికొచ్చిన మనిషి ఒళ్లు తెలియకుండా నిద్రపోయి, లేచేసరికి మళ్లీ లోడు సిద్ధంగా ఉండేది.

డీజిలు తగ్గించండి, పొగ తగ్గించండి అని పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు మా మేనేజరూ నేనూ కూర్చుని ఒక దారి కనిపెట్టాం. ఆయన నాకంటే వయసులో చిన్నవాడు. తక్కువ మాట్లాడేవాడు, ఎక్కువ వినేవాడు. మేం అనుకున్నది ఇదీ. పొద్దున్నే మా డ్రైవరు ఇటు నుంచి, బెంగళూరు బ్రాంచి డ్రైవరు అటు నుంచి నిండు లారీలతో బయల్దేరతారు. సగం దారిలో, గుత్తి దగ్గర ఒక హోటలు ముందు లారీలు మార్చుకుంటారు. లారీలు ముందుకు సాగిపోతాయి, మనుషులు వెనక్కి తిరిగి ఎవరి ఇంటికి వాళ్లు చేరతారు. ఒక రోజు డ్యూటీ, మరుసటి రోజు విశ్రాంతి. ఏ లారీ ఖాళీగా తిరగదు, ఏ మనిషీ రోడ్డు మీద పడుకోడు. ఎలాగూ రాత్రికి ఇంటికొచ్చేస్తున్నారు కదా అని క్లీనర్లను గోడౌన్ పనిలోకి మార్చాం. అది కూడా వాళ్లకు మేలేననుకున్నాం. ఆ సాయంత్రం మేనేజరు మొహంలో నవ్వు చూశాను. అది అరుదైన దృశ్యం.

డ్రైవర్లంతా సరే అన్నారు, ఒక్కరు తప్ప. ఆయన మా వాళ్లలో అందరికంటే పెద్ద. శంషాబాద్ పాతబస్తీలోనే పుట్టి పెరిగినవాడు. అందరికీ చాచా, అంటే బాబాయి. నాకూ చాచానే.

"నా బండి ఇంకోని చేతిల పెట్టాల్నా మేడం?" అన్నాడు. "ఆయన గేర్ ఎట్లేస్తడో, గుంతల ఎట్ల దించుతడో. నేను దాన్ని సొంత బిడ్డ లెక్క చూసుకున్న."

"రోజు మార్చి రోజు మీరు ఇంట్లో ఉంటారు చాచా. అది మంచిది కాదా?"

"ఇంట్ల ఉండి ఏం జేస్త?" అని నిజంగానే అడిగాడు.

చివరికి ఒప్పుకున్నాడు. అటువైపు ఆయనకు జతపడిన డ్రైవరు అనంతపురం మనిషి. మొదటి వారాల్లో చాచా రాత్రి గోడౌన్‌కు రాగానే అతనికి ఫోను చేసేవాడు. "బండి బాగున్నదా? ఇంజన్ గరం అయితలేదు గద?" ఇదే మాట. కొన్నాళ్లకు ఆ ఫోను మారింది. "ఇల్లు చేరినవా తమ్మీ? తిన్నవా?" అనేవాడు. లారీ సంగతి అడగడం మానేశాడు. అది విని నేను నా పథకం ఫలించిందని లోపల్లోపల మురిసిపోయాను.

ఆ తరవాత ఒకరోజు చాచా భార్య మా ఆఫీసుకు వచ్చింది. బక్కపల్చటి మనిషి. ఇంట్లోనే బట్టలు కుట్టేది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది, తీయడం మర్చిపోయి వచ్చినట్టుంది. వాళ్ల భాషలో అక్క అన్నట్టు ఆపా అని పిలిచి కూర్చోమంటే కూర్చోలేదు.

"మేడం, మా ఆయనను మళ్ల పాత లైనుకే పంపుండ్రి."

"ఎందుకు ఆపా? ఇప్పుడు ఇంటికి వస్తున్నారు కదా."

"గదే పరేషాన్. ఇన్నేండ్లు లేడు, ఇప్పుడు దినాం ఉన్నడు. తినేటప్పుడు ఉప్పేదని అడుగుతడు. డబ్బాలన్ని ఒక్క తీరుగ సర్దుతడు, నాకు జీలకర్ర దొర్కది. నా మిషన్ చప్పుడుకు నిద్ర పడ్తలేదంటడు, అదే మనిషి లారీల కింద పండుకున్నప్పుడు మంచిగనే పడ్డదంట."

పక్క బల్లల దగ్గర వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె కూడా నవ్వినట్టే పెదాలు కదిపింది. కొత్తలో అలాగే ఉంటుంది, మెల్లగా అలవాటవుతుందని చెప్పి పంపాను. తలుపు దాకా వెళ్లి ఆగింది.

"పాత లైన్ల క్లీనర్ ఉంటుండె గద మేడం, ఆయన పక్కన?"

"ఉండేవాడు. ఇప్పుడు అవసరం లేదనే తీసేశాం."

"అచ్ఛా," అని వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర జీలకర్ర కథ అందరికీ చెప్పి నవ్వించాను. ఆమె చివర అడిగిన మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే అందులో నవ్వడానికేం లేదు.

కొన్నాళ్లకు బెంగళూరు బ్రాంచి నుంచి ఫోను. మా డ్రైవరు మీ వైపు చాలా దూరం వచ్చేస్తున్నాడు, గుత్తిలో మార్చుకోవడం లేదు, రాత్రి బాగా పొద్దుపోయి ఇల్లు చేరుతున్నాడు, మీ చాచా ఆలస్యంగా బయల్దేరుతున్నాడా అని. చాచా అందరికంటే ముందే బయల్దేరతాడని నాకు తెలుసు. ఆయన్ని అడిగితే "అంత ఠీక్ ఉన్నది మేడం" అన్నాడు. ఇదేదో నేనే చూడాలనుకుని మరుసటి ట్రిప్పుకు లారీ ఎక్కాను.

ఆ ప్రయాణం నాకు పండగలా ఉంది. ఎత్తైన క్యాబిన్‌లో కూర్చుంటే షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట అన్నీ కొత్త ఊళ్లలా కనిపించాయి. చాచా లారీ నడపడం పెద్దమనిషి పెళ్లి పందిట్లో నడిచినట్టుంటుంది. హడావుడి లేదు, ఎవర్నీ తోసుకుపోవడం లేదు. కర్నూలు దాటి కాసేపు వెళ్లామో లేదో, రోడ్డు పక్కన చిన్న టీ కొట్టు దగ్గర ఆపాడు. అవతల మా రెండో లారీ అప్పటికే నిలబడి ఉంది. గుత్తి ఇంకా చాలా దూరం.

అనంతపురం డ్రైవరు నన్ను చూసి గతుక్కుమన్నాడు. తలపాగా చుట్టుకున్న మనిషి. చేతిలో తడి కాగితం ఉంది. చాచా ఎక్కబోయే లారీ అద్దాన్ని తుడుస్తున్నాడు. ఒకసారి తుడిచి, పొడి గుడ్డతో మళ్లీ తుడిచి, పక్కకు వంగి ఎండలో మెరుపు చూసి, ఇంకోసారి తుడిచాడు. ఇంత శుభ్రమైన మనిషా అనుకున్నాను.

"గుత్తిలో ఆగాలి కదండీ. ఇక్కడిదాకా ఎందుకు వస్తున్నారు?" అన్నాను.

"ఈడ టీ బాగుంటాది మేడం," అన్నాడు.

"టీ కోసం అంత దూరం వస్తారా?"

"తాగి సూడండి. మీరే సెప్తారు."

తాగాను. మామూలు టీ. ఆ మాటే అంటే ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నేల చూపులు చూశారు. బడిలో పట్టుబడ్డ పిల్లల్లా ఉన్నారు. ఇక నేను వదల్లేదు. ఎప్పటి నుంచి, ఎందుకు, ఎవరు చెబితే అని ఒకటే ప్రశ్నలు. అతను పదే పదే ఎండ వైపు చూస్తూ, "మేడం, భాయ్‌ని పోనీయండి, పొద్దుపోతాది" అన్నాడు. నేను భోజనం కూడా చేసి వెళదామన్నాను. అలా అక్కడ ఎంతసేపు కూర్చోబెట్టానో నాకే తెలియదు. బయల్దేరేటప్పుడు అతను చాచా భుజం మీద చెయ్యి వేసి, "నిదానంగా పోన్నా" అన్నాడు. ఆ చెయ్యి వెంటనే తీయలేదు.

జడ్చర్ల దాటేసరికి పొద్దు వాలింది. ఎడమ వైపు ఆకాశం ఎర్రబడింది. ఎదురు లారీలు లైట్లు వేసుకోవడం మొదలైంది. చాచా మాటలు ఆగిపోయాయి. స్టీరింగు మీదకు వంగి నడుపుతున్నాడు. వేగం బాగా తగ్గింది. ఎదురుగా లైటు పడ్డప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకుంటున్నాడు. అలిసిపోయాడేమో అనుకున్నాను.

"మేడం," అన్నాడు ఉన్నట్టుండి. "ముందున్నది నీడనా, బండా?"

చూశాను. వెనక లైటు లేని ట్రాక్టరు. ట్రాలీ నిండా జొన్న చొప్ప. మేం దాని మీదకే పోతున్నాం.

"ఆపండి! చాచా, ఆపండి!"

బ్రేకు వేశాడు. లారీ మొత్తం ఊగి, కీచుమని, ఆ చొప్పకు మూరెడు దూరంలో ఆగింది. ట్రాక్టరు మనిషి వెనక్కి కూడా చూడకుండా తన దారిన పోయాడు. చాచా లారీని మెల్లగా రోడ్డు దించి ఇంజను ఆపాడు. ఆయన చేతులు స్టీరింగు మీద ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

"చాచా, ఎప్పటి నుంచి?"

"పగటి పూట మంచిగనే కనబడ్తది మేడం. పొద్దు గూకినంక లైట్లు పడ్తే అంత తెల్లగ అయితది, పాలు పోసినట్టు."

"తాళం ఇవ్వండి."

ఆయన నా మొహం చూశాడు. ముప్ఫై ఏళ్లకు పైగా నడుపుతున్న ఆయన్ని ఇక నడపొద్దని ఎవరూ తాళం అడిగి ఉండరు. బతిమాలుతాడేమో, ఇంకాస్త దూరమే కదా అంటాడేమో అనుకున్నాను. ఆయన మాత్రం తాళం తీసి, లుంగీ అంచుతో తుడిచి, నా అరచేతిలో పెట్టాడు. అప్పుడు ఒక్కసారిగా ఏడ్చాడు. పెద్ద చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం కదులుతూ. నేను ఆయన పక్కన కూర్చుని ఏం చేయాలో తెలియక ఆ తాళాన్ని గట్టిగా పట్టుకున్నాను.

గోడౌన్‌కు ఫోను చేస్తే ఇంకో డ్రైవరు బస్సెక్కి వచ్చాడు. అతను వచ్చేదాకా చాచా నెమ్మదిగా అన్నీ చెప్పాడు. అనంతపురం డ్రైవరుకు గుత్తి దగ్గరే ఒకసారి అనుమానం వచ్చిందట. ఆలస్యమైన ఒక సాయంత్రం ఎదురు లైటు పడగానే చాచా లారీ మెట్టు తడుముకోవడం చూశాడట. ఏమీ అడగలేదు. తరవాతి ట్రిప్పులో డోన్ దాకా ఎదురొచ్చాడు. ఆ పైన వెల్దుర్తి దాకా. అలా జరిగి జరిగి కర్నూలు దాకా వచ్చాడు. అక్కడ మార్చుకుంటే చాచా వెలుతురుండగానే ఇల్లు చేరతాడు. అతను మాత్రం చీకట్లో అంత దూరం వెనక్కి నడుపుకుంటూ పోవాలి.

"నేను అడగలే మేడం. ఆయన చెప్పలే. ఈడ టీ మంచిగుంటది భాయ్ అన్నడు, గంతే."

ఆ రోజు ఆ టీ కొట్టు దగ్గర ఇద్దర్నీ కూర్చోబెట్టి ప్రశ్నలడిగింది నేనే. చీకటి పడేలా చేసింది నేనే. ఆ సంగతి ఆయన ఒక్క ముక్క కూడా ఎత్తలేదు.

మరుసటి రోజు చాచా ఇంటికి వెళ్లాను. ఆయన భార్య మిషను ఆపి, టీ పెట్టి, నా ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆ రోజు ఆఫీసుకు వచ్చింది దీనికోసమేనా అని అడిగాను.

"ఇన్నేండ్లు నాకు తెల్వది మేడం. ఇంట్ల ఉంటే గద తెలిసేది. దినాం ఇంటికొస్తున్నడు, దినాం చూస్తున్న. డబ్బాలెందుకు సర్దుతున్నడు? ఏది యాడున్నదో చేతికి తెల్వాలని. ఉప్పెందుకు అడుగుతున్నడు? ముందల పెట్టిన ఉప్పు కనబడక."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు ఆపా?"

"చెప్తే నౌకరి పోతది. చెప్పకుంటే మనిషి పోతడు. క్లీనర్ ఉంటే ఇంకో జత కండ్లుంటయ్ గద అని గట్ల అడిగిన. మీరు నవ్విన్రు."

ఆమె నిష్ఠూరంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది.

చాచాను లారీ ఎక్కించకూడదు. అందులో రెండో మాట లేదు. కానీ ఎక్కించకపోవడం ఒకటి, ఇంటికి పంపెయ్యడం ఇంకొకటి. మేనేజరుతో అదే అన్నాను. ఆయన ఎప్పటిలా అంతా విని, "పగలు కనిపిస్తుందన్నారుగా. ఆపరేషను అయ్యేదాకా యార్డులో లారీలు వెనక్కి పెట్టించే పని చూసుకుంటారు. జీతం అలాగే ఉంటుంది" అన్నాడు. ఆ తరవాత కిటికీలోంచి యార్డు వైపు చూస్తూ, "మిగతావాళ్ల సంగతేమిటి?" అన్నాడు. నాకు ఆ ప్రశ్న తట్టనే లేదు.

డ్రైవర్లందరికీ కళ్ల పరీక్ష చేయిస్తామని చెప్పగానే యార్డులో గొడవ లేచింది. "పరీక్ష అంటే తీసేస్తరని అర్థం" అన్నారు. నేను హామీ ఇస్తే నమ్మలేదు. మేనేజరు వచ్చి, కళ్లు బాగాలేవని ఎవరినీ తీసేయం, అద్దాలైనా ఆపరేషనైనా మేమే చూసుకుంటాం, మళ్లీ మీ బండి మీకే ఇస్తాం అని తన నోటితో చెప్పాడు. అయినా ఎవరూ కదల్లేదు. అప్పుడు లారీ చాటు నుంచి చాచా ముందుకొచ్చాడు.

"నాకు పొద్దు గూకితే కనబడది," అన్నాడు అందరి ముందూ. "మొన్నటిదాక దాచిన. మేడం నోరు జేయకుంటే మొన్న ఒకని ప్రాణం తీస్తుంటి. నా పేరు మొదలు రాయుండ్రి."

ఆయన వెనకే ఒక్కొక్కరూ వచ్చారు. చాలామందికి కళ్లద్దాలు పడ్డాయి. క్లీనర్లను మళ్లీ లారీలెక్కించాం. పొద్దు గూకేలోపు ఇద్దరు డ్రైవర్లూ ఇళ్లు చేరేలా బయల్దేరే వేళలు మార్చాం. లోడింగు తెల్లవారుజామున కాకుండా ముందు రోజు సాయంత్రమే ముగించడం మొదలుపెట్టాం. ఇవన్నీ చేశాక కూడా ఖాళీగా తిరిగే లారీ మా దగ్గర ఒక్కటీ లేదు. పొగ తగ్గించడం, మనిషిని కాపాడడం ఒకదానికొకటి అడ్డమని ఎవరైనా అంటే నేను ఇప్పటికీ నమ్మను. తొందరపడి రెండిట్లో ఒకటి మర్చిపోవడం మాత్రం చాలా సులువు.

చాచాకు రెండు కళ్లలోనూ పొరలు. ఒకదాని తరవాత ఒకటి ఆపరేషను చేశారు. రెండో కంటి కట్టు విప్పిన రోజు దవాఖానకు నేనూ వెళ్లాను. అనంతపురం డ్రైవరు కూడా సెలవు పెట్టి, సంచీ నిండా చీనీకాయలు, అదే మా వైపు బత్తాయిలు, వేసుకుని వచ్చాడు. చాచా అతని వైపు చాలాసేపు చూశాడు.

"తమ్మీ, నీ మీసం గింత తెల్లగున్నదా?"

"ఎప్పటి నుంచో అంతే కదన్నా."

"నువ్వు పోరడివనుకున్న. నా కంటె పెద్దోని లెక్కున్నవు. పెద్దోనితోని అద్దాలు తుడిపించుకున్ననా ఇన్ని దినాలు?"

"అద్దం తుడిసేదానికి వయసు యాడిది," అని అతను చీనీకాయ ఒలవడం మొదలుపెట్టాడు.

డాక్టరు సరేనని కాగితం ఇచ్చాక, చాచా మళ్లీ డ్యూటీ ఎక్కే రోజు వచ్చింది. పొద్దున్నే యార్డుకు వెళ్లేసరికి లారీ పక్కన ఆయన భార్య నిలబడి ఉంది. చేతిలో టిఫిన్ డబ్బా.

"నేను గూడ పోత మేడం," అంది. "మొదటి దినం. ఆయన కండ్లు నేను చూడాలె."

లారీలో బయటివాళ్లెవరూ ఎక్కకూడదన్నది రూలు. కానీ ఆమె ఆఫీసు తలుపు దగ్గర అడిగిన మాటను ఒకసారి పట్టించుకోలేదు కదా అనిపించి, ఆ ఒక్క రోజుకు క్లీనరును ఆపి ఆమెను ఎక్కించాను.

పొద్దు ఇంకా ఉండగానే లారీ గేట్లోకి వచ్చింది. చాచా చకచకా దిగి ఇటువైపుకు వచ్చి చెయ్యి అందించాడు. ఆమె ఆ చేతిని పట్టించుకోకుండా, డ్రైవర్లు దిగినట్టే లోపలికి తిరిగి, కడ్డీ పట్టుకుని, మెట్టు మీద మెట్టు దిగింది. జుట్టు నిండా దుమ్ము. మొహం వెలిగిపోతోంది.

"ఎలా ఉంది ఆపా? ఆయన బాగా నడిపారా?"

"మంచిగ నడిపిండు," అంది. తరవాత గేటు అవతల రోడ్డు వైపు చూసింది. "పెండ్లయినకాంచి నేను ఇంట్ల కూసొని, ఈయన యాడున్నడో, ఎట్లున్నడో అనుకునేదాన్ని మేడం. ఇయ్యాల చూసిన. కృష్ణ దాటినం. గంత పెద్ద నీళ్లు నేనెన్నడు చూడలే. ఈయన దినాం చూసుకుంట, ఒక్కనాడు చెప్పలే."

చాచా తల గోక్కున్నాడు.

"ఎల్లుండి గూడ పోత," అంది ఆమె.

"కుదరదు ఆపా. రూలు ఒప్పుకోదు."

"రూలు ఎవలు పెట్టిన్రు?"

"నేనే పెట్టాను."

"మరి ఇగ ఏంది?" అని టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని ఇంటికి బయల్దేరింది. చాచా నా వైపు ఒకసారి చూసి, నవ్వు ఆపుకుంటూ ఆమె వెనకాలే నడిచాడు.